నాయన దిగిన కాలువ

కేరళ పోదామని పట్టుబట్టింది నేనే. ఆఫీసులో నాతో పనిచేసేవాళ్ళు కుటుంబాలతో బస్సు మాట్లాడుకుంటే, గోరంట్ల దగ్గర పల్లెలో వేరుశనగ వేసుకుని బతికే నాయననూ వెంటబెట్టుకున్నాను. ఆ ఏడు బోరు ఎండిపోయింది. అరుగు మీద కూర్చుని మబ్బుల వైపు చూస్తుంటే ఆయనకు కాదు, నాకు ఊపిరాడలేదు.

అక్కడ వానలు అప్పుడే వెలిశాయి. కాలువ పొంగి వరిమళ్ళతో కలిసిపోయింది. బస్సు ఆగగానే నాయన చెప్పులు విడిచి, నీళ్ళలో రూపాయి బిళ్ళ వేసి దండం పెట్టాడు. మా వైపు ఎవరికైనా పారే నీళ్ళు కనబడితే అంతే. గంగమ్మకు మొక్కి, తలమీద చల్లుకుని, దోసెడు తాగాల్సిందే. నాయన అక్కడితో ఆగితేనా! గొంతుదాకా దిగి కూర్చున్నాడు. హారన్ కొట్టినా లేవడే! మావాళ్ళు నవ్వుతూ ఫోన్లలో వీడియోలు తీస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎనుమువా ఏమి నువ్వు? లెయ్యి!" అని అందరి ముందూ అరిచి, రెక్క పట్టుకుని బయటికి లాగాను. ఆయన తడిపంచెతోనే పోయి వెనక సీట్లో కూర్చున్నాడు.

ఊరికొచ్చాక నాయనకు జ్వరం పట్టుకుంది. నొప్పికి పిక్కలు ముట్టుకోనివ్వలేదు. ఎర్రబడ్డ కళ్ళు తర్వాత పచ్చబడితే, కామెర్లనుకుని పసరు తాగించాం. మూత్రం తగ్గిపోయేసరికి భయమేసి కదిరి ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ ఆయన పగిలిన మడమలు చూసి, "ఈ మధ్య నీళ్ళలో యాడన్నా దిగినావా పెద్దాయనా?" అని అడిగింది.

"యాడా దిగల్యామ్మా. మాకు యాడుండాయి నీళ్ళు?" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.

నేనూ నోరు విప్పలేదు. చెబితే ఆ వీడియో, ఆ అరుపు కూడా చెప్పాల్సి వస్తుందని. ఛీ, అదీ ఒక లెక్కా! కిడ్నీలు దెబ్బతింటున్నాయని ఆమె అన్నాకగానీ నా నోరు పెగల్లేదు.

"దిగినాడమ్మా. కేరళలో, కాలవలో. తాగినాడు గూడా."

"ఎలకలు, పశువులు ఉచ్చ పోసిన నీళ్ళు వరదలో కలుస్తాయప్పా. ఈ పగుళ్ళలోంచే రోగం ఒంట్లోకి పోయుంటాది. ముందే చెప్పల్ల గదా?" అని ఆమె గబగబా మందు మార్చింది.

మంచం మీదినుంచి నాయన గుడ్లురిమాడు. "గంగమ్మ మీద నింద ఏస్తావేమిరా?"

మందు పట్టింది. మెల్లగా లేచి తిరిగాడు. ఆయన బతికినందుకు సంతోషపడాలో, నా బతుకుకు సిగ్గుపడాలో తెలియక చాలారోజులు ఆయన ముఖం చూడలేకపోయాను.

మొన్న పెద్దవాన పడి మా చేని పక్క వంక పారింది. ఇద్దరమే పోయాం. నాయన గట్టు మీదే నిలబడిపోయాడు. చెప్పులు విడవలేదు. రూపాయి బిళ్ళ పిడికిట్లోనే ఉంది. చుట్టుపక్కల నరమానవుడు లేడు. అయినా గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమప్పా, దండమన్నా పెట్టుకోవచ్చునా?"