లెక్కకు మూడోది

నాంపల్లి స్టేషను దాటి ఆబిడ్స్ వైపు తిరిగే చోట ఆటో ఆగిపోయింది. ముందు పాల వ్యాను, దాని ముందు పెళ్లి బ్యాండువాళ్ల ట్రాలీ, దాని ముందు ఏముందో కనబడదు. సన్నగా వాన. యూనీస్ టీచరు ఒళ్లో కంప్యూటరు డబ్బా, భుజాన సంచి, సంచిలో తువ్వాలులో చుట్టిన వీడియో టేపు. ఆమె రెండు చేతులూ డబ్బా మీదే ఉన్నాయి. పాపాయిని పట్టుకున్నట్టు కాదు, దొంగను పట్టుకున్నట్టు.

"జర ఓపిక పట్టమ్మా, రెండు నిమిషాల్ల పోతం," అన్నాడు ఆటో నడిపే బిచ్చయ్య.

"ఓపిక మాట నా ముందట ఎత్తకు బిచ్చయ్యా. నెల రోజుల సంది గదే మాట ఇని ఇని నా చెవులు తూట్లు పడ్డయి."

పక్కనే ఆగిన స్కూటరు మీద, నెత్తిన ప్లాస్టిక్ కవరు బోర్లించుకున్న ఒక నడివయసు మనిషి ఆటోలోకి తొంగిచూశాడు. ముందు డబ్బాను చూశాడు, తర్వాత ఆమెను.

"ఏమనుకోకున్రి మేడమ్, ఆ సీపీయూ మీద స్టిక్కర్ మాదే. రవికిరణ్ కంప్యూటర్స్. ఏమన్న ఖరాబైందా?"

"దుకాణం మీదేనా? మంచిగైంది. మీతోనే కొట్లాడదామని వస్తున్న."

ఆ మనిషి పేరు విద్యాసాగర్. తాతల కాలంలో ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసిన ఇల్లు. ఇతను కొడుకు పేరు బోర్డు మీద రాయించుకుని ఆబిడ్స్‌లో కంప్యూటర్లు బిగించి అమ్ముతున్నాడు. రోడ్డు మీద కొట్లాట ఎందుకనుకున్నాడేమో, "నా ఎనకనే రా భై," అని బిచ్చయ్యకు చెప్పి స్కూటరును సందులోకి తిప్పాడు.

రాజుల పేర్లతో, ఫకీర్ల పేర్లతో పేటలున్న ఈ నగరంలో ఆబిడ్స్‌కు మాత్రం ఒక దుకాణదారుడి పేరు వచ్చిందంటారు. నిజాము దగ్గర కొలువు చేసిన ఆబిద్ అనే ఆయన అక్కడ కొట్టు పెట్టాడట. కొట్టు పోయి ఎన్నేళ్లయిందో, పేరు ఉండిపోయింది. మనుషులు వెళ్లిపోయాక వాళ్లది ఏదో ఒకటి మిగలాలి కదా. కొందరిది పేరు, కొందరిది ఇల్లు. టేపులో పాడిన బుజ్జమ్మది గొంతు మిగలాలి. యూనీస్ పట్టుదల అంతా అందుకే.

యూనీస్ పుట్టింది మెదక్‌లో, మిషను దవాఖానాలో పనిచేసే కాంపౌండరు ఇంట్లో. చదువు అవగానే హైదరాబాదు వచ్చి ఆడపిల్లల బడిలో సంగీతం టీచరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "వచ్చినోళ్లల్ల ఒక్కడన్న శ్రుతిల లేడు," అనేది. చర్చిలో పాటలు పాడే క్వయరు ఆమెదే. ఎవరి స్వరం తప్పినా హార్మోనియం మూత టప్పున పడేది, ఆ చప్పుడుకు పాస్టరు అయ్యగారు కూడా ప్రసంగం కాగితాలు సర్దుకునేవారు. రిటైరయ్యాక, నాంపల్లిలో పెళ్లి వీడియోలు మిక్సింగు చేసే ఒకాయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన పెళ్లికూతురి మొహాన్ని గులాబీ పువ్వులోంచి బయటికి తెప్పించడం నేర్పబోతే, "పువ్వులు నాకొద్దు నాయనా. కోసుడు, అతుకుడు నేర్పు, చాలు," అంది. అంతే నేర్చుకుంది, బాగా నేర్చుకుంది.

బుజ్జమ్మ ఆ చర్చి ఊడ్చే మనిషి. అక్షరం ముక్క రాదు. భక్తి పాటలను మెదక్ పల్లెల్లో నాట్లేసేటప్పుడు పాడే వరసల్లో పాడేది. యూనీస్ ఆ వరసలను హార్మోనియం మీద పట్టుకోవాలని ఎన్నోసార్లు చూసింది. రెండు మెట్ల మధ్యన ఎక్కడో ఉండేవి అవి, మెట్టు మీద నిలిచేవి కావు. అందుకని తొంభైనాలుగులో ఎవరిదో కెమెరా అడిగి తెచ్చి, బుజ్జమ్మను వేదిక మెట్ల మీద కూర్చోబెట్టి రెండు టేపుల నిండా పాడించింది. టేపులు చర్చి బీరువాలో పడ్డాయి. రెండువేల రెండు చలికాలంలో బుజ్జమ్మ పోయింది. మరుసటి వానాకాలం బీరువా తీసి చూస్తే టేపుల అంచుల మీద తెల్లటి బూజు. బూజు పట్టిన టేపు ఒక్కసారి తిరిగితే తిరుగుతుంది, రెండోసారికి నమ్మకం లేదు. వాటిని సీడీల్లోకి ఎక్కించడానికి మంచి కంప్యూటరు కొనమని ఆమె చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీని అడిగింది.

కమిటీలో కోశాధికారికి కంప్యూటర్లమ్మే బావమరిది ఉన్నాడు. ఇంకొక పెద్దకు అదే వ్యాపారంలో ఉన్న మేనల్లుడు ఉన్నాడు. ఇద్దరూ తెచ్చిన కొటేషన్లలో యంత్రాలు బాగానే ఉన్నాయి. బాగాలేనిది ఆ ఇద్దరి మధ్య సంగతే. రెండు ఆదివారాలు ఒకరికొకరు వందనాలు కూడా చెప్పుకోలేదు. ఆఖరికి కార్యదర్శి సుందర్‌రాజ్ అన్నాడు: "ప్రార్థన చేసి చీట్లు వేద్దాం. ఎవరికీ నొప్పి ఉండదు." చీట్లు వేశారు. కానుకల సంచిలో మడతపెట్టిన చీటీలు మూడు. సంఘంలో అందరికంటే పెద్దావిడ కళ్లు మూసుకుని తీసింది. ఆ రెండూ రాలేదు. మూడోది వచ్చింది, రవికిరణ్ కంప్యూటర్స్.

చీటీ వేయడం తప్పేమీ కాదు. తమిళదేశంలో వెయ్యేళ్ల కిందట ఊరి సభకు పెద్దల్ని అలాగే ఎంచేవారు. పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి తీయించేవారు. అయితే ఆ కుండలో అడ్డమైన పేరూ పడేది కాదు. ఇల్లుండాలి, పొలముండాలి, చదువుండాలి, ఊరి లెక్కలు ఎగ్గొట్టినవాడై ఉండకూడదు. ఇదంతా తేల్చాకనే కుండ ముందుకు వచ్చేది.

యంత్రం వచ్చింది. టేపును సీడీ చేయడంలో పని రెండు భాగాలు. టేపు తిరుగుతుంటే బొమ్మనూ పాటనూ లోపలికి తీసుకోవడం మొదటిది. తీసుకున్నదాన్ని కోసి, అతికి, సీడీకి పట్టేలా మార్చడం రెండోది. రెండోది ఎంతసేపు పట్టినా నష్టం లేదు, కంప్యూటరును దాని మానాన వదిలేసి వంట చేసుకోవచ్చు. మొదటిది అట్లా కాదు. టేపు ఎవరి కోసమూ ఆగదు. డిక్టేషను అందుకోలేని పిల్ల నడుమ మాటలు వదిలేసినట్టు, చేవలేని కంప్యూటరు నడుమ బొమ్మలు వదిలేస్తుంది. సరిగ్గా అదే జరిగింది. మొదటి టేపు ఎక్కించి తెర మీద చూసుకుంటే బుజ్జమ్మ ఎక్కడికక్కడ కొయ్యబారిపోతోంది, గొంతు ఒక చోట, పెదవులు ఒక చోట, పాటకు నడుమ నడుమ చిల్లులు. మళ్లీ ఎక్కిద్దామని టేపు వెనక్కి తిప్పితే పొరలు ఊడి నల్లటి పొడిగా రాలింది. యూనీస్ ఆ పొడిని వేలితో తీసి చాలాసేపు చూసింది. తర్వాత రెండో టేపును తువ్వాలులో చుట్టింది, కంప్యూటరు తీగలు పీకింది, ఆటో పిలిచింది.

దుకాణం రెండో అంతస్తులో. బిచ్చయ్య డబ్బాను మోసుకొచ్చి బల్ల మీద దింపి పోయాడు. విద్యాసాగర్ కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"వీడియో పనికని చెప్తే గిసొంటిది ఎట్ల ఇచ్చిన్రు? మీకు మనసెట్లొప్పింది?"

విద్యాసాగర్ మొహం తిప్పుకున్నాడు. "వీడియో పనికని నాకెవరు చెప్పిన్రు మేడమ్? సుందర్‌రాజ్ సార్, నేను రోజూ ఇరానీ హోటల్ల చాయ్ తాగుతం. ఓ దినం సార్ వచ్చి, 'సాగర్, రూల్ ప్రకారం మూడు కొటేషన్లుండాలె, రెండున్నయి, లెక్కకు ఇంకోటి రాసియ్యి, ఎవరూ చూడరు' అన్నడు. టైపింగ్ ఇన్‌స్టిట్యూటోళ్లకు రాసినదే పేరు మార్చి ఇచ్చిన. తెల్లారి ఆర్డరొచ్చింది. నేనే పరేషానైన."

"లెక్కకా?"

"ఔ మేడమ్. ఉత్తగ లెక్కకు."

యూనీస్ సంచిని భుజం మీంచి తీసి మెల్లగా కుర్చీలో పెట్టింది. ఆమెను ఎరిగినవాళ్లెవరైనా ఉంటే అప్పుడే గది ఖాళీ చేసి ఉండేవాళ్లు. "ఫోన్ చెయ్యి," అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. "నీ చాయ్ దోస్తును రమ్మను."

సుందర్‌రాజ్ వచ్చాడు. రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి, వానలో కూడా ఇస్త్రీ చెడని చొక్కా.

"వందనాలు సిస్టర్. ఏంటి, ఇంత వానలో..."

"వందనాలు తర్వాత. మూడో చీటీ ఉత్తదని నీకు ఎరుకేనా?"

ఆయన విద్యాసాగర్ వైపు చూశాడు. విద్యాసాగర్ ఒక స్క్రూడ్రైవరును చాలా శ్రద్ధగా తుడుస్తున్నాడు.

"ఉత్తదని కాదు సిస్టర్, అదీ కొటేషనే కదా. సంఘంలో శాంతి, సమాధానం ఉండాలని..."

"బైబిల్ల అపొస్తలులు కూడ కొత్త శిష్యున్ని ఎంచనీకె చీట్లేసిన్రు. ముందుగాల యోగ్యులైన ఇద్దర్ని నిలబెట్టి వేసిన్రు. లెక్క సరిపోవాలని దారిన పోయెటోన్ని తెచ్చి పక్కన నిలబెట్టలే! నువ్వు దేవుని ముందట ఉత్త కాయితం పెట్టి, ఆయన్నే తియ్యమన్నవ్. మళ్ల అందర్నీ మోకాళ్ల మీద కూసోబెట్టినవ్!"

"మెల్లగా సిస్టర్, కింద కొట్లవాళ్లు వింటారు. యంత్రం కొంచెం నిదానం, అంతేగా? నిదానంగానే చేసుకోండి. మనకేం తొందర?"

"నాకు లేదయ్యా తొందర! టేపుకున్నది! బుజ్జమ్మ ఒక టేపు నిండ పాడింది నీ నిదానంల కలిసిపోయింది. నువ్వు ఆళ్ల బావమరిది, మేనల్లుడి పంచాయితీ సల్లబరుచుకున్నవ్, ఆమె పాట రాలి పొడయింది. ఇద్దర్నీ కూసోబెట్టి, ఇది మంచిది, ఇది కాదు అని ఒక్క మాట చెప్పనీకె నోరు రాలేదా నీకు? పెద్దమనిషివే కదా?"

"వచ్చే ఆదివారం మళ్లీ చీట్లు వేద్దాం. ఈసారి రెండే."

ఆ మాటకు విద్యాసాగర్ కూడా తలెత్తి చూశాడు.

"మేడమ్," అన్నాడు, "ఖైరతాబాద్ స్టూడియోవాళ్లకు కట్టిన మిషను ఉన్నది, గా బల్ల మీద. పెంటియం ఫోర్. రెండు హార్డ్ డిస్కులు, ఒకటి ఒట్టి వీడియోకే. ర్యాము మీదానికి నాలుగింతలు. సాయంత్రం వాళ్లొచ్చి పట్టుకపోతరు. గంట టేపే కదా? ఇప్పుడే ఎక్కించుకున్రి. వీసీఆర్ కూడ ఉన్నది."

"బయటి దుకాణంలో చర్చి టేపా?" అన్నాడు సుందర్‌రాజ్. "కమిటీలో తీర్మానం లేకుండా..."

యూనీస్ అప్పటికే తువ్వాలు విప్పుతోంది. మెత్తటి గుడ్డతో టేపు అంచు ఒకసారి తుడిచింది. దాన్ని వీసీఆర్‌లోకి మెల్లగా తోసింది. కోపమంతా ఆ ఒక్క క్షణం ఎటో పోయి భయం వచ్చింది. మొదటిదానిలాగే ఇదీ పోతే? ఆ తర్వాత బుజ్జమ్మ ఈ లోకంలో ఎక్కడా పాడదు.

తెర మీద గీతలు, మంచులాంటి చుక్కలు. తర్వాత వేదిక మెట్లు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న బుజ్జమ్మ. "ఏందమ్మా, గిట్లనే చూడాల్నా గా డబ్బా దిక్కు?" అంది టేపులోంచి. పాట ఎత్తుకుంది.

ముగ్గురూ కదల్లేదు. బొమ్మ ఎక్కడా ఆగలేదు. పెదవులు ఎక్కడ మూసుకుంటే గొంతు అక్కడే ఆగింది. రెండు మెట్ల మధ్యన ఉండే ఆ స్వరం, యూనీస్ వేళ్లకు ఎన్నడూ దొరకనిది, చిల్లు పడకుండా లోపలికి పోయింది. నడుమ ఒక చోట వీసీఆర్ గరగరమంది. అదీ దాటింది. ఆఖరి పాట అయ్యాక టేపు లోపల టక్కున తెగింది. కానీ అప్పటికి తీసుకోవలసిందంతా తీసుకోవడం అయిపోయింది.

సీడీకి పట్టేలా మార్చి, రాసి, ఇంకా వేడిగా ఉన్న సీడీని విద్యాసాగర్ ఆమె చేతికిచ్చాడు. కిందికి దిగి ఎవరితో చెప్పుకుంటుందో అని కాబోలు, సుందర్‌రాజ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన కళ్లు నిజంగానే తడిశాయి.

"చూశారా సిస్టర్," అన్నాడు. "మనం తప్పు జరిగిందనుకున్నాం. చీటీ మనల్ని ఈ దుకాణానికే నడిపించింది. ఆ మూడో చీటీ రాకపోతే ఇవాళ ఇక్కడికి వచ్చేవాళ్లమా? ఆయన చిత్తం. రండి, స్తోత్రం చెల్లిద్దాం."

కళ్లు మూసుకున్నాడు. విద్యాసాగర్ మర్యాదకు చేతులు జోడించాడు. సుందర్‌రాజ్ ప్రార్థన ఎప్పుడూ పొడుగే. కమిటీ కోసం, కోశాధికారి కోసం, సంఘ సమాధానం కోసం, చీటీ తీసిన పెద్దావిడ చేతి కోసం ఒక్కొక్కటిగా కృతజ్ఞతలు చెప్పుకుంటూ పోతున్నాడు. రాలిపోయిన టేపు మాట అందులో ఎక్కడా రాలేదు. యూనీస్ ఆ మాట కోసం కాసేపు ఆగి చూసింది.

సీడీని సంచిలో వేసుకుంది. కళ్లు మూసుకున్న మనిషి పక్కనుంచి తలుపు దాటింది. విద్యాసాగర్ జోడించిన చేతులు దించాడు. ఆమె తను తెచ్చిన కంప్యూటరు డబ్బాను బల్ల మీదే వదిలేసి, మెట్లు దిగి, వానలో నాంపల్లి వైపు నడక మొదలుపెట్టింది.