నల్లుల మందు మిగిలిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఆదివారం ఎండ బాగా కాస్తే చాలు, ఉప్పుగూడలో మేముండే ఇంటి వాకిట్లో మంచాలన్నీ నిలబడేవి. మూడు పోర్షన్లు, ఏడు నులక మంచాలు... వాటి నిండా నల్లులు. అమ్మ కిరసనాయిల్లో నల్లుల మందు కలిపి, కోడి ఈకతో పట్టెల సందుల్లో రాసేది.

నాన్నకు బదిలీ అయితే కోస్తా నుంచి వచ్చి అక్కడ అద్దెకు దిగాం. ఇంటావిడను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఉర్దూ ఎంత బాగా మాట్లాడేదో తెలుగూ అంతే. కోపమొస్తే రెండూ కలిపి తిట్టేది.

ఆ రోజు మందు కొంచెం మిగిలింది. పారబోయడానికి అమ్మకు మనసొప్పలేదు. కడిగి పెట్టిన షర్బత్ సీసాలో పోసింది. రంజాన్ అయ్యాక ఖాలా ఇచ్చిన సీసా అది... గులాబీ బొమ్మ కాగితం కూడా ఊడలేదు. ఖాళీ సీసా పారేయడమంటే మా ఇంట్లో మహాపాపం. నూనెకొకటి, ఫినాయిలుకొకటి, అన్నీ అలాంటి సీసాల్లోనే.

"పై గూట్లో పెట్టవే, తమ్ముడికి అందకుండా" అని నా చేతికిచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. పై గూడు నాకే అందదు. పీట వేసుకుని ఎక్కాలి. బయట తొక్కుడుబిళ్లకు పిలుస్తున్నారు... పీట తేవడానికి బద్ధకమేసి, సీసాను మంచినీళ్ల కుండ వెనక పెట్టి పరిగెత్తాను. ఆ బద్ధకాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే రెండు పీకాలనిపిస్తుంది.

దాహమేసి లోపలికొచ్చేసరికి మూడేళ్ల చిన్నా, అంటే నా తమ్ముడు, కుండ పక్కన కూర్చుని దగ్గుతున్నాడు. చొక్కా తడిసిపోయింది. గుప్పుమని వాసన. పక్కనే సీసా...

నేను ఎవర్నీ పిలవలేదు. అమ్మ అడుగుల చప్పుడు విని, సీసాను మాసిన బట్టల బుట్టలోకి తోసేశాను.

స్టవ్ పక్కన కిరసనాయిల్ డబ్బా మూత తీసి ఉంది. వీడు అదే తాగాడనుకుంది అమ్మ. గబగబా ఉప్పునీళ్లు కలిపి, వాడి నోట్లో వేలు పెట్టి కక్కించబోయింది. కేకలు విని వచ్చిన ఖాలా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా, ఉల్టీ చేయించకు. మా ఆపా... మా అక్క బిడ్డకు గట్లనే చేసినం. కిరసనాయిల్ ఊపిరిల పోయింది... పిల్ల దక్కలే. దవాఖానకు పోదాం, పా."

వాడి చొక్కా విప్పి, ఒళ్లు తుడిచి, అందరం ఒక్క ఆటోలో కూరుకున్నాం. నాన్న ఒళ్లో వాడు చెమటలు కక్కుతున్నాడు. నోటి వెంట నురగలా చొంగ. నేను ఖాలా ఒళ్లో కూర్చుని నోరు విప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరు వాడి కళ్లు విప్పి చూశాడు. "ఒక్క కిరసనాయిలేనా? నాకైతే డౌట్‌గ ఉంది. ఇంట్ల ఇంకేమన్నా మందులున్నయా?"

"డబ్బా ఒక్కటేనండీ... కిందున్నది అదొక్కటే" అంది అమ్మ. నల్లుల మందు పై గూట్లో భద్రంగా ఉందని ఆమె నమ్మకం.

నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నిజం చెబుతున్నాను... తమ్ముడికి ఏమవుతుందో అన్న భయం కన్నా, నాన్న కొడతాడన్న భయమే నాకు ఎక్కువగా ఉంది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఖాలా నన్ను వరండాలోకి తీసుకెళ్లి, నా చేతులు వాసన చూసింది.

"ఏం తాగిండో నీకెర్కే. మీ నాయన నీమీద చెయ్యెత్తకుండ నేను చూస్కుంట. బోల్ బేటా."

ఏడుస్తూ చెప్పేశాను. ఎప్పుడూ మోకాళ్లు పట్టుకుని నడిచే మనిషి, డాక్టరు దగ్గరికి పరుగు తీసింది. ఆ తర్వాత అన్నీ మారిపోయాయి... వేరే ఇంజెక్షన్లు, ముక్కుకు గొట్టం, నల్లుల మందు డబ్బా కోసం నాన్న ఇంటికి పరుగు. రెండు రోజులు మాలో ఎవరికీ ముద్ద దిగలేదు.

మూడో రోజు పొద్దున వాడు కళ్లు తెరిచి ఇడ్లీ కావాలని మారాం చేశాడు. అమ్మ వార్డులోనే కూలబడి ఏడ్చింది. "ఇంకొంచెం లేటయితే నా చేతుల ఉండకపోవు" అన్నాడు డాక్టరు. నాన్న నన్ను కొట్టలేదు.

ఇప్పుడు కిరసనాయిలు లేదు, నులక మంచాలు లేవు. అయినా మొన్న ఒక స్నేహితురాలింట్లో సింకు కింద కూల్‌డ్రింక్ సీసాలో బాత్రూం యాసిడ్ చూశాను. అక్కడికక్కడే తీయించాను. అతి చేస్తున్నానని నవ్వింది... నవ్వితే నవ్వనీ. ఏ మందైనా దాని డబ్బాలోనే ఉండాలి, తాళం లోపల ఉండాలి. పొరపాటున పిల్లలు ఏదైనా మింగితే సొంత వైద్యం వద్దు. కక్కించొద్దు. ఆ డబ్బా పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి.

చిన్నా చిన్నప్పుడు కిరసనాయిలు తాగాడని చుట్టాలందరికీ తెలుసు, వాడికీ తెలుసు. ఆటోలో, ఆసుపత్రిలో అంతసేపు నేను నోరు మూసుకున్న సంగతి మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు. ఇవాళ ఈ పోస్టులో చదువుతాడు... క్షమించరా.

అప్పట్లో ఒక వాకిట్లో మూడు కుటుంబాలుండేవి. భయపడ్డ పిల్లను పక్కకు పిలిచి అడిగే మనిషి ఉండేది. ఇప్పుడు మా ఫ్లాట్‌లో తలుపేస్తే నేనూ, నా కూతురే. తప్పు చేసి వణుకుతున్నప్పుడు అది నా దగ్గరికే రావాలి కదా... వస్తుందా అని రోజూ భయమేస్తుంది. మీ చిన్నప్పుడు మీరు ఎవరి దగ్గరికి వెళ్లేవారు? మీ పిల్లలు మీ దగ్గరికి వస్తున్నారా?