అత్త చంకలో టమేటా క్రేటు

ఈ పొద్దున మదనపల్లెలో మా వీధికి కొత్తగా అద్దెకొచ్చిన అమ్మాయి ఇక ఉండబట్టలేక అడిగేసింది. "ఏం ఆంటీ, దినామూ కుక్కను తోలుకొని, ఖాళీ క్రేటు చంకన పెట్టుకొని పోతాండారు, యాడికి?" మాది టమేటాల ఊరు. క్రేటు కనబడితే ఎవరైనా మండీకే అనుకుంటారు. వచ్చేటప్పుడు కూడా అది ఖాళీగానే ఉండటం ఆ పిల్లకు అంతుబట్టలేదు కాబోలు. "కుక్కల కోసమమ్మా" అన్నాను. ఆ పిల్ల నా పక్కనున్న ముసలి కుక్క బుడ్డోణ్ని ఎగాదిగా చూసి, "కూసోబెట్టి మోస్తారా?" అంది. నాకు నవ్వాగలేదు. నవ్వుతుండగానే పుంగనూరు, మా మేనత్త, ఆ ఎండాకాలం అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి!

ఉద్యోగంలో చివరి రెండేళ్లు నాకు పుంగనూరు బడి పడింది. అత్త అక్కడ ఒక్కతే ఉండేది. "బయట అద్దెకుంటే నా మొగం మళ్లా సూడొద్దు" అనేసరికి పెట్టె తీసుకుని ఆమె ఇంట్లోనే దిగాను. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు, షుగరు. రోజూ పొద్దున నడవమని డాక్టరు చెప్పాడు. నడవడం కష్టం కాదు గానీ, మాట్లాడకుండా నడవడం ఆమె వల్ల కాని పని. అందుకని బుడ్డోణ్ని పెంచింది. గోధుమరంగు నాటు కుక్క, మోకాలెత్తు ఉంటాడు, రోషం మాత్రం తలకు మించింది. నేను వచ్చాక ముగ్గురం నడిచేవాళ్లం, అయినా ఆమె మాట్లాడేది వాడితోనే. అత్తకు ఇంకో అలవాటుండేది. రాత్రి మిగిలిన రాగిసంగటిని ముద్ద చేసి డబ్బాలో పెట్టుకుని, దారిలో కనబడిన ప్రతి కుక్కకూ తుంచి వేసేది. "కడుపు నిండినోడు కొట్లాడడు" అన్నది ఆమె సిద్ధాంతం. ఇరుగుపొరుగు తగాదాలు కూడా ముందు విస్తరేసి, తర్వాతే తీర్చేది. మనుషుల విషయంలో అది చాలామటుకు పనిచేసింది కూడా.

మా దారిలో ఒక టమేటా మండీ ఉండేది. దాని గేటు దగ్గర కాపలాకు నల్లటి కుక్క, దూడంత. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉండేది. ఒకరోజు గొలుసు లేదు! తోక నిటారుగా లేపి, చూపు బుడ్డోడి మీద నిలిపి, ఒక్క అరుపైనా లేకుండా వచ్చేస్తోంది. మొరిగే కుక్క కరవదంటారే, ఇది అసలు మొరగనే లేదు. బుడ్డోడు గుర్రుమన్నాడు. అత్త గబగబా డబ్బా మూత తీసి, "తినండి నాయనా, తిని ఎవురి దావన వాళ్లు పోండి" అంటూ ముద్దను సరిగ్గా రెండిటి మధ్యకు వేసింది. ముద్ద ఒకటి, కుక్కలు రెండు. ఇంకేముంది! దుమ్ము, అరుపులు, పళ్లు. నేను తాడు గుంజాను, కేకలు పెట్టాను, చివరికి బడిలో పిల్లల్ని విడదీసినట్టు మధ్యలో చెయ్యి పెట్టాను. ఏ కుక్క పన్నో తెలియదు, ముంజేతిలో దిగింది. మండీలో క్రేట్లు మోసే ఒకావిడ పరుగున వచ్చి బకెట్టు నీళ్లు కుమ్మరించాకే అవి విడిపోయాయి.

ఆ తర్వాత ఆవిడ మా ఇద్దరినీ దులిపేసింది. "నడాన సెయ్యి పెడతారామ్మా యాడైనా? ముద్ద యాల ఏస్తిరి? తాడు గుంజితే మీ వోడు ఇంకా రేగతాడు. దూరంలో ఉండగానే సూసుకొని, పక్కకు మళ్లుకొని నిదానంగా పోవాల. మీదికే వస్తే ఇదో, ఇది అడ్డం పెట్టాల" అని ఒక పాత క్రేటు అత్త చేతిలో పెట్టింది. ఇంకా మసకగా ఉండగానే పనికి నడిచొచ్చే మనిషి, ఆమెకు దారి పొడవునా కుక్కలే. కొళాయి కింద నా చేతిని సబ్బుతో కడిగించి ఆస్పత్రికి పంపింది కూడా ఆమే. నాకు సూదులు పడ్డాయి, బుడ్డోడికి చెవి చీలింది.

కబురు కుప్పంలో గ్రానైటు పని చూసుకునే బావకు, అంటే అత్త కొడుక్కి, చేరింది. ఫోనులోనే తీర్పు చెప్పేశాడు. "ఇంగోసారి గొడవయిందంటే వాణ్ని తీస్కపోయి రామకుప్పంలో మన తోటలో కట్టేస్తా. అడివిలోంచి దిగే ఏనుగులకు కాపలా ఉంటాడు." అత్త ఫోను పెట్టేసి మోకాలెత్తు బుడ్డోణ్ని చాలాసేపు చూసింది. ఆ పూట సంగటి ముట్టలేదు. "వాడు పోతే నేను గడప దాటను. షుగరు ఏమన్నా సేసుకోనీ" అంది. అన్నంత పనీ చేసే మనిషి. నాకు నిజంగా భయమేసింది.

మర్నాటి నుంచి పెరట్లో సాధన మొదలైంది. నల్లకుక్క నేనే! నేను మీదికి రావాలి, అత్త క్రేటు అడ్డం పెట్టాలి. మొదటిసారి నా నెత్తిన బోర్లించింది. రెండోసారి క్రేటు కింద పెట్టి నడుం పట్టుకుని, "నువ్వు కుక్క మాదిరి రాలేదే, హెడ్మాస్టరు మాదిరి వస్తాండావు" అని నన్నే తప్పుపట్టింది. వారానికి అత్తకు చెయ్యి కుదిరింది. ముద్దల డబ్బా వంటింట్లోనే ఉండిపోయి, క్రేటు చంకకెక్కింది. వీధంతా "మండీకామ్మా?" అనేవాళ్లు. "ఊఁ" అనేసి సాగిపోయేది.

అప్పుడొక ఆదివారం బావ దిగాడు, బుడ్డోడి సంగతి తేల్చడానికే. "నేనూ వస్తాండాను పదండి" అని తాడు తనే అందుకుని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. మండీ దగ్గర లారీ ఒకటి వెనక్కి వస్తుంటే దాని చాటు నుంచి నల్లకుక్క దూసుకొచ్చింది! "అమ్మా!" అని బావ తాడు గుంజాడు, బుడ్డోడు రెండు కాళ్ల మీద లేచాడు. "తాడు వదులు చెయ్యరా!" అంటూనే అత్త ముందుకు దూకింది. డెబ్బై ఏళ్ల మనిషి, దూకింది! ధబీమని నల్లకుక్క క్రేటుకు గుద్దుకుంది, అంచు కొరికింది, పక్కకు తిరిగింది. అత్త కూడా తిరిగింది. అరవలేదు. "పో నాయనా, పో" అని మెల్లగా అంటూనే ఉంది. నేను బావ చేతిలోంచి తాడు లాక్కుని, వదులు చేసి, బుడ్డోణ్ని లారీ చుట్టూ తిప్పి అవతలికి నడిపించాను. వాచ్‌మన్ గొలుసుతో పరుగెత్తుకొచ్చాడు. ఎవరికీ ఒక్క గీతా పడలేదు! అత్త మొహం వెలిగిపోతోంది. "సూస్తివా? ముద్ద లేకుండానే!" అంది. నాకు ఈల వేయాలనిపించింది.

బావ కోసం చూస్తే పేర్చిన క్రేట్ల మీద ఉన్నాడు. ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. దించడానికి ఇద్దరు హమాలీలు కావలసొచ్చింది. ఇంటికి వచ్చేదాకా రామకుప్పం ఊసెత్తలేదు. బస్సెక్కే ముందు మాత్రం, "అమ్మా, మా వీధిలోనూ కుక్కలు జాస్తి. అట్లాంటి క్రేటు ఇంగోటి ఉండాదా?" అని అడిగాడు.

నేను రిటైరై మదనపల్లెకు వచ్చేశాక కూడా చాన్నాళ్లు అత్తా బుడ్డోడూ నడిచారు. నిరుడు అత్త పోయింది. బుడ్డోణ్ని తీసుకుపోతానని బావే అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. అంచున పంటి గాట్లున్న క్రేటుతో సహా తెచ్చుకున్నాను. ఇప్పుడు వాడికి చెవులు వినబడవు. ఎవరు గుర్రుమన్నా తోక ఊపుతూ పోతాడు. ఇదంతా విన్న ఆ అమ్మాయి, "నాకూ నేర్పిస్తారా ఆంటీ?" అంది. రేపు పొద్దున రమ్మన్నాను, ఈసారీ నల్లకుక్క నేనే. కాలానికి అడ్డం పెట్టే క్రేటు ఏ మండీలోనూ దొరకదని తెలిసినా, బుడ్డోడు నడిచినన్నాళ్లు వాడి తాడు వదులుగానే పట్టుకుంటాను.