చేపల చెరువు మీద బాబాయి పాటలు

ఇది ఒక మహాకావ్యానికి సరిపడే కథ. ఇందులో సంగీతముంది, ద్రోహముంది, కొల్లేటి ఆకాశాన్ని కమ్మేసే పక్షుల దండుంది, గొంతు పోగొట్టుకున్న గాయకుడున్నాడు. ఇలా మొదలుపెడితే మీరు కుర్చీ ముందుకు జరుపుకుంటారని ఆశపడ్డానుగానీ, నిజం చెప్పేస్తాను, ఇది ఒక క్యాసెట్టు గురించి. అదీ ఎవరూ కొనని క్యాసెట్టు. ద్రోహం చేసింది నేనే, అదీ చేపపిల్లల కోసం.

పోయిన నెలలో మా బాబాయి కూతురు ఏలూరు నుంచి ఫోన్ చేసింది. ఎవరో పుణ్యాత్ముడు పాతకాలపు తెలుగు పాప్, రాక్ పాటలు వెతికి ఇంటర్నెట్‌లో పెడుతుంటాడట, అందులో మా బాబాయి బృందం ఎప్పుడో తెచ్చిన క్యాసెట్టు మొదటి వైపు మొత్తం ఉందట, కింద జనం ఇన్నాళ్ళూ ఇదెక్కడ దాక్కుందండీ అని ఆశ్చర్యపోతున్నారట. ఎక్కడా దాక్కోలేదు, మా ఇంట్లో అట్టపెట్టెల్లో ఉంది, వాళ్ళే రాలేదు. చిక్కేమిటంటే, మొదటి వైపు పాడింది బాబాయి కాదు, ఆయన బావమరిది. బాబాయి పాడినవన్నీ రెండో వైపున్నాయి, ఆ వైపు ఎక్కించేలోపే టేపు నలిగి తెగిపోయిందని పుణ్యాత్ముడు రాశాడు. గొంతుకి ఆపరేషన్ అయ్యాక బాబాయికి మాట లేదు, ఏం చెప్పాలన్నా ఫోన్లో టైపు చేసి చూపిస్తారు. ఈ పిల్ల పుట్టేనాటికే ఆయన పాడటం మానేశారు.

"నాన్న పాడితే ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలన్నయ్యా. క్యాసెట్లన్నీ ఏమయ్యాయో నిన్నే అడగమంటున్నారు" అంది.

నాకు తెలుసు. అదే కదా బాధ.

నలభై దాటాయి కాబట్టి జ్ఞాపకాలు రాసుకునే హక్కు నాకూ వచ్చిందనుకుంటాను. ఆ బృందంలో బాబాయి గిటారు. బావమరిది ప్రతి ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజర్ రైల్లో కీబోర్డుని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చేవారు. డ్రమ్స్ వాయించినాయన పెళ్ళిళ్ళ బ్యాండు మనిషి, ఎంత బతిమాలినా ప్రతి పాటా పెళ్ళికొడుకు కారు వెనకాల నడుస్తున్నట్టే ఉండేది. అట్ట మీది ఫొటో కోసం మే నెల ఎండలో రెగ్జిన్ జాకెట్టు వేసుకుని కాలువ వంతెన మీద నిలబడ్డ బాబాయి ముఖం చూసి, ఇప్పుడా ఇంటర్నెట్ జనం తిరుగుబాటు, ఆవేశం అని ఏవేవో రాస్తున్నారు. అది ఉక్క.

ఏ క్యాసెట్ల షాపుకి పట్టుకెళ్ళినా ఒకటే ప్రశ్న, "ఏ సినిమాలోవండీ?" సినిమా కాదండీ, మా సొంత పాటలండీ అని బాబాయి మర్యాదగా చెబితే, వాళ్ళూ అంతే మర్యాదగా, "అలాగేనండి, సినిమా వచ్చాక తీసుకురండి, పెడదాం" అనేవారు. అలా పెట్టెలన్నీ మేడమీద గదికి చేరాయి.

అదే సమయంలో డిగ్రీ అయిపోయి, ఏ ఉద్యోగమూ నన్ను వెతుక్కుంటూ రాకపోవడంతో, నాన్న కొల్లేటి పక్కన లీజుకి తీసుకున్న చేపల చెరువుకి నన్ను కాపలా పెట్టారు. నీటికాకులు గుంపులుగా దిగి చేపపిల్లల్ని మింగేసేవి. పాత టేపు గట్టు నుంచి గట్టుకి లాగి కడితే గాలికి జుయ్యిమని మోగి, ఎండకి తళతళలాడి, పిట్టలు బెదురుతాయని అక్కడ అందరూ చేసేదే. వాళ్ళు చెడిపోయిన టేపు కట్టారు. నేను భోజనాల దగ్గర బాబాయిని అడిగాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, తలెత్తకుండా, "తీసుకెళ్ళరా, ఊరికే పడున్నాయిగా" అన్నారు. మనిషి అలా అంటే వద్దని అర్థమని నాకప్పుడు తెలియదు. తెలియకపోవడం ఒక ఎత్తు, బీరువా మీద గుడ్డలో చుట్టి విడిగా దాచుకున్న నాలుగు క్యాసెట్లు కూడా పట్టుకుపోవడం ఇంకో ఎత్తు. చెరువు ఓ మూలకి టేపు కాస్త తక్కువైంది మరి.

ఓ సాయంత్రం బాబాయి గట్టు మీదకొచ్చి, ఆ మోతని చాలాసేపు వింటూ నిలబడి, "మొత్తానికి మన పాటలు ఏలూరు దాటాయిరా" అన్నారు. నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదన్న సంగతి ఇన్నేళ్ళకి గుర్తొస్తోంది. నాలుగో రోజుకి నీటికాకులు టేపు కట్టిన కర్రల మీదే కూర్చుని రెక్కలు ఆరబెట్టుకున్నాయి. అంత నిలకడగా ఆ పాటలు విన్నవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

ఇక ఇంకో క్యాసెట్టు కోసం మూడు వారాలు నేను తిరిగిన తిరుగుడు చెప్పుకుంటే నాకే చిరాకు. పుణ్యాత్ముడికి నాలుగు మెసేజీలు పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. తణుకులో మేనత్త దగ్గర ఉందంటే ఎండనపడి వెళ్ళాను. క్యాసెట్టు డబ్బా ఉంది, అందులో సూదులున్నాయి. ఆఖరికి తాడేపల్లిగూడెం వెళితే బాబాయి బావమరిది అటక మీంచి ఒకటి తీశారు, పైన కాగితం కూడా ఊడలేదు. "నా వైపు వినడానికే ఒకటి అరగదీశానల్లుడూ, ఇది విప్పలేదు" అన్నారు, ఏమాత్రం సిగ్గుపడకుండా. దానితోపాటు తన పాత టేప్‌రికార్డరు కూడా ఇచ్చారు.

మర్నాడు ఏలూరులో బాబాయి ఎదురుగా, రెండో వైపు పెట్టి నొక్కాను. చెల్లెలు ఫోన్ పట్టుకుని రికార్డు చేయడానికి సిద్ధంగా కూర్చుంది. కాసేపు బుస్సుమంది. తర్వాత, పాటకంటే ముందు, ఆ ముక్క కోసెయ్యడం మరిచిపోయినట్టున్నారు, రికార్డింగాయన్ని అడుగుతున్న బాబాయి గొంతు స్పష్టంగా, వినయంగా వినిపించింది: "ఏవండీ, మొదలెట్టమంటారా?"

రాక్ పాటని అనుమతి అడిగి మొదలుపెట్టినవాళ్ళు ప్రపంచంలో మా జిల్లావాళ్ళే అయ్యుంటారని నేనేదో అనబోయి, చెల్లెలి ముఖం చూసి వాల్యూమ్ పెంచాను. గిటారు రెండుసార్లు మోగింది, పెళ్ళి డ్రమ్ము అందుకుంది, అంతలో టేప్‌రికార్డరు మూలిగి ఆగిపోయింది. లోపల చక్రాలు తిప్పే రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. చెల్లెలు రికార్డు నొక్కనేలేదు. "ఇంకొక్కసారన్నయ్యా, ఆ మాటొక్కటీ" అంది. బాబాయి ఫోన్లో టైపు చేసి ఇద్దరికీ చూపించారు: "అక్కడివరకే బాగుంటుంది. తర్వాత శ్రుతి పోయింది."

ఆ గొంతు ఇల్లంతా వినబడే రోజుల్లో, కాస్త మెల్లగా బాబాయ్, చదువుకోవాలి అని తలుపేసుకున్నవాణ్ణి నేను, చదివింది కూడా ఏమీ లేదు. ఇప్పుడు ఏ పాట కావాలన్నా వేలు ఆనిస్తే పలుకుతుంది, ఆ రెండు మాటల కోసం మాత్రం ముగ్గురం ఒక చచ్చిన టేప్‌రికార్డరు చుట్టూ కూర్చున్నాం.

టేపుకి ఏమీ కాలేదు. బెల్టు చుట్టుకొలత దారంతో కొలిచి తెమ్మన్నాడు రిపేరతను. ఇవాళ మంగళవారం, షాపు సెలవు.