వదిన టేబుల్

ఆవిడను ఇంటా బయటా అందరూ బొంగరం అంటారు. కూర్చున్న చోట కూర్చోదు. టీ తాగుతూ రెండు కుర్చీలు తుడిచేస్తుంది, ఫోన్లో మాట్లాడుతూ షెడ్డంతా చుట్టేస్తుంది. చెక్క సామాన్లకు రంగు వెయ్యడం, పాలిష్ పట్టడం ఆవిడ పని. పైన్ చెక్క రంగును ఒకచోట గటగటా తాగి ఇంకోచోట మొరాయిస్తుందనీ, ముందు పల్చటి పూత పడాలనీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. రబ్బరు చెక్కకు ఏ రంగైనా వెయ్యొచ్చు. టేకు మీద రంగు పుయ్యడం మాత్రం శుద్ధ దండగ, నూనె చాలు అంటుంది. ఏ చెక్కో ఒక్క చూపుతో పసిగడుతుంది. పసిగట్టాక నోరు మూసుకుని ఉండలేదు, అదే వచ్చిన చిక్కు.

రెండేళ్ల కిందట ఆవిడ అన్న భార్య, సొంత సంపాదనతో ముచ్చటపడి డైనింగ్ టేబుల్ కొనుక్కుంది. పుట్టింటివాళ్లనూ ఆడపడుచునూ భోజనానికి పిలిచి, టేకుదని మురిసిపోతూ చూపిస్తోంది. బొంగరం వంగి టేబుల్ అంచు కిందికి తొంగిచూసింది. ముదురు రంగు అందని చోట రబ్బరు చెక్కలా పాలిపోయిన చార ఒకటి కనిపించింది.

"ఇది రబ్బరు చెక్క వదినా. రంగు పూసి నీకు అంటగట్టారు" అని అందరి ముందూ అనేసింది.

వదిన ముఖం మాడిపోయింది. ఆనాటినుంచీ వదినకూ ఆడపడుచుకూ మాటల్లేవు. బొంగరానికి ఆ దిగులు ఉండనే ఉంది. కానీ ఉన్నమాటే అన్నానన్న ధీమా కూడా ఉంది.

ఇప్పుడు పైపూత పెచ్చులు లేచి, ఆ టేబులే ఆవిడ షెడ్డుకు వచ్చింది. తెచ్చి దింపింది అన్నే అయినా కబురు వదినది. ముదురు రంగు వెయ్యమంది, చెక్క కనబడకుండా ఎంత ముదురైతే అంత మంచిదంది. సాయంత్రం తనే వచ్చి చూస్తానంది. ఆ మాటతో బొంగరానికి కాళ్లు నేలమీద నిలవలేదు. పని నచ్చితే వదిన మళ్లీ పలకరిస్తుంది. మరి నచ్చకపోతే?

గరుకు కాగితం పెట్టి పాత రంగు గీకింది. గీకుతుంటే ముక్కుకు తెలిసిన వాసన తగిలింది. రాలిన పొడి వేళ్లకు జిడ్డుగా అంటుకుంది. ఇంకాస్త గీకేసరికి తేనెరంగు చెక్క, అందులో ముదురు గీతలు బయటపడ్డాయి. నూటికి నూరుపాళ్లు టేకు. మరి ఆనాటి చార? టేకు మానులో బెరడు పక్కన పాలిపోయినట్టుండే లేత చెక్క. ఈ పనిలో దిగిన మొదటివారంలోనే నేర్చుకునే సంగతి.

బొంగరం గరుకు కాగితం పక్కన పడేసింది. రంగు డబ్బా మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. కాలు కాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగి, వడ్రంగం చేసే మొగుడి దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది. ఆయన చిత్రిక పడుతూ తలైనా ఎత్తలేదు.

"ఆవిడ అడిగింది రంగే కదా. వేసి పంపించు. ఎవరికి తెలుస్తుంది?"

నిజమే. అడిగింది చేస్తే తప్పు కప్పబడిపోతుంది, దూరమైన వదిన తిరిగొస్తుంది. గుడ్డ రంగులో ముంచి టేబుల్ అడుగున ఓ జానెడు పూసి చూసింది. రంగు చక్కగా పట్టింది. అంత చక్కగా పట్టడమే ఆవిడ ప్రాణం తీసింది. బంగారం లాంటి చెక్కకు రెండోసారి మసి పూస్తున్నది తనే.

ఇక తట్టుకోలేకపోయింది. ఆ జానెడూ గీకి పారేసింది. చెక్కనంతా థిన్నర్‌తో తుడిచి, నూనె పట్టించింది. రుద్దిన కొద్దీ టేకు వెలిగింది, తన తప్పును తన చేతులతోనే నిగనిగలాడించింది.

సాయంత్రం వదిన వచ్చింది. టేబుల్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను చెప్పింది ఇది కాదే."

"ఇది టేకే వదినా. ఆ రోజు నేనే తప్పు చెప్పాను. నన్ను క్షమించు."

వదిన టేబుల్ మీద చెయ్యి వేసి, ఈ చివరనుంచి ఆ చివరకు నిమిరింది. కోప్పడితే బాగుండుననిపించింది బొంగరానికి.

"ఆ రోజు నీ మాట నమ్మి, టేబుల్ కొన్న షాపుకెళ్లాను" అంది వదిన చివరికి. "కొనేవాళ్లంతా చూస్తుండగా షాపతన్ని దొంగ అన్నాను. టేకేనమ్మా అని ఒట్టేశాడు. వినలేదు."

ఒక మనిషికే అన్యాయం చేశాననుకుంది బొంగరం ఇంతసేపూ.

"చెప్పులేసుకో. దొంగ అన్నది నేను, అనిపించింది నువ్వు. షాపు మూసేలోపు ఇద్దరం వెళ్దాం."

చేతుల నూనె తుడుచుకుని, ఎప్పుడూ అందరికన్నా ముందుండే బొంగరం ఆ రోజు వదిన వెనకాలే నడిచింది.