నాలుగు గంటల ఈత

ఇంట్లో బట్టలు కుట్టే చిటికెల అక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. "ఒక్క హుక్కు అక్కా", "రెండు కుట్లే అక్కా" అంటూ ఎవరొచ్చినా "చిటికెలో అయిపోతుంది, కూర్చో" అనేది. ఆ చిటికెలన్నీ కలిసి ముప్పై ఏళ్ళయ్యాయి. కుదరదు అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి, మొహమాటపడి వెనక్కి పోయేది.

అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట ఊళ్ళోని ఈతకొలనులో ఈత నేర్చుకోవడానికి చేరింది. చిన్నప్పటి నుంచీ నీళ్ళంటే పిచ్చి. ఆడవాళ్ళకు సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా. మూడు రోజులు ఎగ్గొడితే పేరు కొట్టేస్తారు. ఆ చోటు కోసం కాచుకున్న వాళ్ళ జాబితా చాంతాడంత ఉంది. మొదటి వారంలోనే ఒక రోజు ఎవరిదో జిప్పు బాగుచేస్తూ పోగొట్టుకుంది.

రెండో రోజు అబద్ధం వల్ల పోయింది. మూడున్నరకు పై అంతస్తు పిన్ని జాకెట్టు పట్టుకుని దిగింది. అక్క అతి తెలివికి పోయి, "మిషన్ పాడైంది పిన్నీ" అంది.

"అయ్యో, ముందే చెప్పొద్దూ! మీ బాబాయి ఉన్నాడుగా!"

బాబాయి స్క్రూడ్రైవర్‌తో రానే వచ్చాడు. రిటైరైన దగ్గర్నుంచి విప్పడానికి ఏదైనా దొరుకుతుందా అని ఇల్లంతా వెతుకుతున్న మనిషాయన. బాగున్న మిషన్‌ను బాగుచేయడం మాటలా! గంటన్నర విప్పాడు, రెండు టీలు తాగాడు, బిగించాక మూడు స్క్రూలు మిగిల్చాడు. ఈసారి మిషన్ నిజంగానే పాడైంది. అక్కకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఉన్నమాట చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది కదా అనుకుంది.

మెకానిక్ వచ్చి మిషన్ బాగుచేసి వెళ్ళిన మర్నాడు, భుజాన సంచి వేసుకుని గడప దాటబోతుంటే మళ్ళీ పిన్ని, మళ్ళీ అదే జాకెట్టు.

"చేతులు బిగుతైపోయాయే. రెండు కుట్లు విప్పితే చాలు."

ఈరోజు కూడా ఆగిపోతే ఈత సంగతి ఇక మరిచిపోవాల్సిందే.

"ఇప్పుడు కుదరదు పిన్నీ. రేపు పొద్దున చేసిస్తా."

"మళ్ళీ పాడైందా? ఉండు, బాబాయిని..."

"వద్దొద్దు! మిషన్ భేషుగ్గా ఉంది. నాకే ఖాళీ లేదు. ఈతకెళ్తున్నా."

ఆకాశం విరిగి మీద పడుతుందేమోనని అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఈతకా? మరి ఇంకా నిలబడి మాట్లాడతావేంటే? టైమైపోతోంది, వెళ్ళు!" అని పిన్నే ఆవిడను వీధిలోకి తోసింది.

ఆ సాయంత్రం ఈత నేర్పే ఆవిడ, "ఇక గట్టు వదిలెయ్యండమ్మా" అంది. అక్క వదిలింది. మునగలేదు! వెల్లకిలా తేలుతూ "తేలుతున్నానండోయ్!" అని కేక పెట్టింది. నీళ్ళలో ఉన్నవాళ్ళంతా ఫక్కున నవ్వారు, తనూ నవ్వి కాసిని నీళ్ళు మింగింది. చేతులు రెండూ నీళ్ళ మీద బార్లా చాచి ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ సాయంత్రపు వేళ వాటిలో ఎవరి బట్టా లేదు, గట్టూ లేదు.