దేవేంద్రప్ప ముట్టుకోని కీబోర్డు

కోడుమూరులో కంప్యూటర్లు బాగుచేసేది దేవేంద్రప్ప ఒక్కడే. ఆ దేవేంద్రప్ప కంప్యూటర్ ముట్టుకోడు.

"ముట్టుకుంటే బండారం బయటపడదా?" అనేది ఆయన కొట్టు పక్కనే టీ కాచే ఈరక్క. "ఆయప్పకు ఏబీసీడీలే రావంట. బళ్లారిలో ఎవురి కొట్టులోనో బల్లలు తుడుస్తా నాలుగు మాటలు పట్టుకొచ్చినాడు. ఎదుటోళ్లతోనే చదివిచ్చుకుంటాడు, ఎదుటోళ్లతోనే కొట్టిచ్చుకుంటాడు. పేరు మాత్రం ఆయప్పది." టీ తాగినవాళ్లు గ్లాసు ఈరక్కకు ఇచ్చేసి, మాట మాత్రం ఇంటికి పట్టుకుపోయేవారు.

దేవేంద్రప్ప చేతులకు వేరుశనగ కాయలతోనే సరిపోయేది. జేబు నిండా కాయలు, ఒడి నిండా పొట్టు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా వచ్చి, వాళ్ల వెనక స్టూలు వేసుకుని, "నా చేతులకు పొట్టుండాది. నువ్వే కొట్టు," అనేవాడు. ఒకసారి ఎరువుల అంగడాయన "కడుక్కోప్పా" అని చెంబుతో నీళ్లు తెచ్చిస్తే, ఆ నీళ్లు తాగేసి ఇంకో కాయ చిట్లించాడు.

షావుకారు గురుస్వామి చీరల కొట్టులో పవిత్ర పనిచేసేది. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన పిల్ల. నాలుగు మాటలడిగితే ఒక మాట బదులిచ్చేది. వాళ్ల నాయన మగ్గం గురుస్వామి ఇచ్చే నూలు మీదే నడిచేది. కొట్టులో కంప్యూటర్‌కు వైరస్ పట్టకూడదని దేవేంద్రప్ప విండోస్ తీయించి, పెంగ్విన్ గుర్తుండే లినక్స్ వేయించాడు. తెర మీది ఆ బొమ్మను గురుస్వామి బాతనుకుని, ప్రతి శుక్రవారం దానికీ బొట్టు పెట్టేవాడు.

ఒక పొద్దున మెయిల్ ప్రోగ్రాం తెరుచుకోలేదు. పవిత్ర ఎన్నిసార్లు నొక్కినా ఒక చిన్న పెట్టె వచ్చి ఏదో చెప్పి ఊరుకునేది. ముందురోజే బెంగళూరు అంగడివాళ్లు దసరా చీరల అంచుల బొమ్మలు పంపారు. అవన్నీ ఆ ప్రోగ్రాంలోనే ఉన్నాయి. సాయంత్రంలోగా చూసి జవాబు పెట్టకపోతే ఆర్డర్ ఇంకొకరికి పోతుంది. ఆర్డర్ పోతే దసరా దాకా పవిత్ర నాయన మగ్గం మీద సాలెపురుగే నేయాలి.

కబురందుకుని దేవేంద్రప్ప వచ్చాడు. స్టూలు లాక్కున్నాడు. "పాపా, ఏమంటాండాది?"

"నేను చదువుతాలేప్పా," అన్నాడు గురుస్వామి.

"నీకు బాతు చెప్పదు. పాపా, నువ్వు చదువు."

పవిత్ర చదివింది. ఆ గొంతు గల్లాపెట్టె దాకా కూడా పోలేదు.

"నా చెవుల్లో కూడా పొట్టుండాది. గట్టిగా."

"'ఆల్రెడీ రన్నింగ్' అంటాండాదన్నా. ముందే నడుస్తాండాదంట."

"నడుస్తాండాదా మరి?"

"యాడా కనపడ్లేదు."

దేవేంద్రప్ప గురుస్వామి వైపు తిరిగాడు. "రాత్రి కొట్టెట్ల మూసినావప్పా?"

"ఎప్పటిమాదిరే. మెయిన్ కిందికి లాగి, దండం పెట్టి, తాళమేసినా. నూలుండే కొట్టు, ఒక్క నిప్పురవ్వ పడితే ఏముంటాది?"

"ప్రోగ్రాం మూసినావా?"

"కరెంటే తీసేసినాక దాన్ని మూసేదేముండాది?"

దేవేంద్రప్ప ఇంకో కాయ చిట్లించాడు. "పాపా, కర్నూలు బస్సులో కిటికీలోంచి సీటుకు తువ్వాలేస్తారు గదా. వేసినోడు ఎక్కకుండా ఇంటికి పోతే?"

"సీటు ఖాళీగానే పోతాది. ఎవురూ కూర్చోరు."

"మీ షావుకారు చేసింది అదే. ఈ ప్రోగ్రాం తెరిస్తే ఒక తువ్వాలేస్తాది, మూస్తే తీసుకుంటాది. ఈయప్ప తీసుకోనియ్యకుండా కరెంటు పీకినాడు. ఇప్పుడు అది తన తువ్వాలు చూసి తనే భయపడతాండాది."

"అయితే తీసేయ్," అన్నాడు గురుస్వామి.

"ఆగప్పా. ముందు మనిషి బస్సులో ఉండాడేమో చూడాల. ఉండంగా తీస్తే కొట్లాటయితాది. పాపా, నువ్వే కొట్టు."

ఆయన ఒక్కో అక్షరం చెప్పాడు, ఆమె కొట్టింది. నడుస్తున్న ప్రోగ్రాంల పేర్లన్నీ తెర మీద బారులు తీరాయి. పవిత్ర వేలు పెట్టి ఒక్కో వరుసా చూసింది. మెయిల్ పేరు లేదు. తర్వాత మెయిళ్లు దాచే చోటుకు పోయి వెతికితే, 'లాక్' అనే పేరుతో ఒక ఫైలు కనిపించింది.

"అదే తువ్వాలు. తీయి."

పవిత్ర వేలు మీటకు పైనే ఆగిపోయింది. "మెయిళ్లన్నీ పోతేనన్నా?"

"పోతే తప్పు నాది. పోకపోతే పని నీది. కొట్టు."

మొదటిసారి ఆయన చేతిలో కాయ చిట్లకుండా ఆగింది. పవిత్ర కళ్లు మూసుకుని నొక్కింది, కళ్లు తెరిచి ప్రోగ్రాం మీద నొక్కింది. మెయిళ్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. మామిడిపిందెల అంచులు, రుద్రాక్షల అంచులు తెర నిండా మెరిశాయి. గురుస్వామి బాతుకు దండం పెట్టాడు. దేవేంద్రప్ప ఒలిచిన గింజలన్నీ పవిత్ర దోసిట్లో పోశాడు. అంతసేపు ఒలిచినా ఆయన ఒక్క గింజా నోట్లో వేసుకోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

దసరా అయ్యాక పవిత్ర నాయన మిగిలిన నూలుతో ఒక తువ్వాలు నేసిచ్చాడు. పొద్దున్నే దాన్ని తీసుకుని పవిత్ర దేవేంద్రప్ప కొట్టుకు పోయింది. షట్టర్ సగమే లేచి ఉంది. లోపల రేకుల మీద వాన పడుతున్నట్టు చప్పుడు. వంగి చూస్తే దేవేంద్రప్ప కంప్యూటర్ ముందు ఒక్కడే కూర్చున్నాడు. చూపు తెర మీద ఉంది, వేళ్లు వాటంతటవే పరుగెడుతున్నాయి. చెప్పుల అలికిడి వినగానే రెండు చేతులూ జేబులో కాయల దగ్గరికి పోయాయి.

"మా నాయన నేసినాడన్నా. నీకే."

ఆయన తువ్వాలు విప్పి, అంచు తడిమి చూసి, పక్క కంప్యూటర్ ముందున్న కుర్చీ మీద పరిచాడు. "ఈ సీటు నీకు పట్టినా. సాయంత్రం షావుకారు కొట్టు మూసినాక వచ్చి నేర్చుకో. ఈరక్క అడిగితే, నాకు చదివిపెట్టేదానికి వస్తాండానని చెప్పు."

పవిత్ర నవ్వి సరేనంది.

ఈరక్కకు తెలియని సంగతి ఒకటుంది. దేవేంద్రప్ప కీబోర్డు మీద ఒక్క అక్షరమూ కనపడదు. కొట్టి కొట్టి అన్నీ అరిగిపోయాయి.